మూడాకుల తీగ పాట

అనగనగా ఒక కొండ. ఆ కొండమీద పాతిక గుడిసెలు. ఆ గుడిసెల వాళ్ళకి తమదంటూ ఒక మాట, అదే బాస, ఉంది, మనకి నోరు తిరగదులే. ఊఁ కొట్టవే, అప్పుడే నిద్దరా?

అక్కడ గురుబారి అని ఒక పిల్ల. దాని చెల్లెలు సుక్రికి నాలుగేళ్ళు. వాళ్ళ అవ్వ దుంపలు తవ్వుతూ పాట పాడేది. ఒక్కో దుంపకీ ఒక్కో పేరు, ఒక్కో చరణం. దేన్ని కాల్చాలో, దేన్ని ఉడకెయ్యాలో, దేన్ని నానబెట్టాలో అంతా ఆ పాటలోనే ఉండేది.

గురుబారి కొండ కిందూరి హాస్టల్లో చదివేది. ఓసారి అక్కడ ఆ పాట పాడితే పిల్లలు నవ్వారు. అప్పుడు ఇంటికొచ్చి, "నా దగ్గర పాడకవ్వా, సిగ్గేస్తోంది" అంది. అవ్వ ఆ తర్వాత సుక్రికి మాత్రమే పాడేది.

ఒక ఏడు సెలవులకొచ్చేసరికి ఇంట్లో గింజ లేదు. సామలింకా కోతకి రాలేదు. అమ్మకి జ్వరం. అవ్వేమో పెద్దకూతురి పురుడికి పక్క కొండకి పోయింది. సుక్రి ఆకలని ఒకటే ఏడుపు.

"దుంపలేగా, ఎంత పని!" అని గురుబారి తవ్వుకర్ర పట్టుకుంది.

మొదటిరోజు తవ్వింది, కాల్చింది. తియ్యగా ఉంది. రెండోరోజు ఇంకోరకం దొరికింది. అదీ కాల్చింది. అమ్మో, రాత్రంతా నాలుకలు ఒకటే దురద! అయినా బుద్ధి రాలేదు దానికి.

మూడోరోజు ఇంత లావు దుంపలు దొరికాయి. వాటి తీగతోనే మోపుకట్టి తెచ్చింది. ఒకటి కాల్చి, ఊదిఊది చెల్లెలి నోటిదాకా తీసుకెళ్ళింది.

సుక్రి ఆ తీగతో ఆడుకుంటోంది. ఆకులు చూసి పాటందుకుంది. మన మాటలో అయితే ఇలా:

"మూడాకులమ్మా, కోపం చాలమ్మా,
మూడు రాత్రులూ గెడ్డలో ఉండమ్మా!"

గురుబారి చెయ్యి ఆగిపోయింది. అది విషదుంప! గెడ్డలో, అదే కొండవాగులో, నానిస్తేగానీ తినరు. దుంప అవతల పారేసి, చెల్లెల్ని కావిలించుకుని భోరుమంది.

అప్పుడు సుక్రిని వీపున కట్టుకుని మళ్ళీ అడవికి పోయింది. తీగ చూసి చిన్నది పాడింది, పెద్దది తవ్వింది. మూడాకుల దుంపల్ని ముక్కలు కోసి, బుట్టలో వేసి గెడ్డలో పెట్టింది. మూడు రాత్రులయ్యాక ఉడకేసింది.

ఆవేళకి అవ్వ వచ్చింది. ఒక ముక్క తిని, "ఎవరు చెప్పారే?" అంది.

"సుక్రి పాడింది. నాదే తప్పవ్వా. నాకూ మొదట్నించీ నేర్పవూ?"

"నా పళ్ళన్నీ ఊడాక అడుగుతావా, గడుగ్గాయీ!" అంటూ అవ్వ కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత పాడింది.

సెలవులయ్యాక గురుబారి హాస్టల్లో ఆ పాట గట్టిగా పాడింది. మొదటిరోజు నవ్వారు. రెండోరోజూ నవ్వారు. మూడోరోజు పక్క చాపమీది పిల్ల, "మా అవ్వకీ ఉందే ఒక పాట" అని మెల్లిగా ఎత్తుకుంది. ఆ పిల్లది ఇంకో కొండ, ఇంకో మాట.

దుంప బుట్టలోకి, పాట నోట్లోకి,
కథ కంచికి, నువ్వు దుప్పట్లోకి!