వంగని మెడకో మామిడిపండు

ఒకానొక రేవు రాజ్యాన్ని ముమ్మడి భూపాలుడనే రాజు ఏలేవాడు. మెడ వంచడమంటే ఆయనకు మహా చిన్నతనం. కాలికి ముల్లు గుచ్చుకున్నా కిందికి చూసుకోడు. చూడటానికో నౌకరు, తీయడానికో నౌకరు. ఆ కొలువులో ఆయనకు జడవని మనిషి ఒక్కతే, రాణివాసంలో కథలు చెప్పే అక్కలాంబ.

ఒక వేసవిలో లిథువేనియా అనే చలిదేశం నుంచి కాజిస్ అనే వర్తకుడు వచ్చాడు. తేనె గడ్డకట్టినట్టుండే పూసలు రాజు ముందుంచి, "ప్రభువులు ఎప్పుడూ లింక్‌స్మస్‌గా ఉండాలి" అన్నాడు వచ్చీరాని తెలుగులో.

"అంటే?"

"సంతోషంగా అని, ప్రభూ."

"ఆ మాట ఎలా పుట్టింది?"

ఆ వెర్రిబాగులవాడు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "మా భాషలో వంగడాన్ని లింక్తి అంటాం. అందులోంచే పుట్టిందని మా పెద్దలంటారు."

రాజు ముఖం కందగడ్డయింది. "నన్ను వంగమని దీవించావన్నమాట. వీణ్ని చెరసాలలో వేయండి."

కాజిస్ ఓడ మర్నాడే బయలుదేరుతుంది. అది తప్పితే మళ్ళీ ఏడాదికి గాని గాలి అనుకూలించదు.

అక్కలాంబకు ఒళ్ళు మండింది. అయినా గొంతులో తేనె పోసుకుని ముందుకొచ్చింది. "చెరసాల ఎక్కడికీ పోదు ప్రభూ. తోట నుంచి తొలికాపు రసాలు వచ్చాయి. తమరు తింటే గాని ఊళ్ళో ఎవరూ మామిడి ముట్టకూడదాయె."

"ముక్కలు కోసి తెమ్మను."

"తొలిపండుకి కత్తి తగలకూడదన్నది తమ తాతగారు పెట్టిన ఆనవాయితీ. నిరుడు లోపల కోయించి తెప్పించుకున్న సంగతి నేనెవరికీ చెప్పలేదు" అంది, కొలువంతా వినబడేలా.

రాజు పళ్ళు కొరుకుతూ పండు అందుకున్నాడు. నిటారుగా కూర్చునే పిసికి, తొడిమ దగ్గర కొరికాడు. రసం గడ్డం మీంచి పట్టు అంగీలోకి దిగింది. మోచేతిదాకా కారింది. ఇంకో చుక్క జారబోతుంటే రాజుగారి మెడ దానంతటదే వంగింది. వెనకే నడుమూ వంగింది. జుర్రిన చప్పుడు కొలువు చివరిదాకా వినబడింది. టెంక చీకేసరికి కిరీటం చెవి మీదికి ఒరిగింది, ముఖం వెలిగిపోయింది.

"కాజిస్ నాయనా," అంది అక్కలాంబ, "ఇప్పుడు మా రాజుగారు ఎలా ఉన్నారో మీ మాటలో చెప్పు."

అతను బిక్కుబిక్కుమంటూ చూసి, "లింక్‌స్మస్" అన్నాడు.

రాజు చేతిలోని టెంక వంక చూసుకున్నాడు. "నిండు కొలువులో నన్ను వంచేశావు గదా అక్కలాంబా."

"నా తరమా ప్రభూ. నేను పండు ఇచ్చానంతే."

రాజు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. వర్తకుణ్ని విడిపించి, గంపెడు పళ్ళతో ఓడెక్కించమన్నాడు. ఆ రసాల తోటను అక్కలాంబకు ఇనాముగా ఇచ్చాడు.

"ఇంకో పండు ఇటు పడెయ్" అన్నాడు, అంగీ చేతులు పైకి మడుచుకుంటూ.