పదకొండు తుమ్ముల తీర్పు

పిల్లలూ, ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు. చెప్పాల్సింది నేనే, ఆలస్యం చేశాను. ఈ ఊళ్ళో కారం డబ్బాలో దొరుకుతుంది. రోకలి పోటు ఘాటు మీరెరగరు. కాస్త దగ్గరగా జరిగి వినండి.

ఒకానొక రాజ్యంలో ఉద్దండవర్మ అనే రాజు ఉండేవాడు. పని పోయినవారికి కొత్త పని దొరికేదాకా కోట నుంచి బియ్యం ఇవ్వాలని శాసనం చెక్కించాడు. మంచి శాసనమే. చివర మాత్రం ఒక ముక్క ఉంది: "తనంతట తాను పని మానినవారికి గింజ కూడా లేదు." ఆ ముక్క తన సొంతమని రాజు రోజుకోసారి చదివించుకుని మురిసిపోయేవాడు.

కోటలో కారం దంచే నూకాలు పని మానేసింది. ఇంట్లో ముగ్గురు పిల్లలు. పొయ్యి వెలిగి రెండు రోజులైంది. బియ్యం అడగడానికి సభకు వచ్చింది.

"నిన్నెవరైనా పొమ్మన్నారా?" అన్నాడు రాజు.

"లేదు దొరా. దంపుడు గది కిటికీలకు మేకులు కొట్టేశారు. తీయించమని మూడుసార్లు మొరపెట్టుకున్నాను. ఊపిరాడక వచ్చేశాను."

మేకులు కొట్టించింది రాజే. అంతకుముందు సరిగ్గా ఆయన తీర్పు చెప్పబోయే వేళకే ఆ కిటికీల్లోంచి వచ్చే కారం ఘాటుకు సభలో ఎవరో ఒకరు తుమ్మేవారు. అపశకునమని మళ్ళీ కూర్చుని, నీళ్ళు తాగి, మొదటి నుంచి చెప్పాల్సి వచ్చేది.

"నీ కాళ్ళతో నువ్వే నడిచి వచ్చావు. గింజ లేదు."

అప్పుడు ఆ సభలో చమత్కారి అని పేరుపడ్డ పానకాలయ్య లేచాడు.

"ప్రభూ, పని మానిన చోటే విచారణ జరగాలని కూడా తమ శాసనంలో ఉంది. ఆ వాక్యం విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది."

రాజు ఉబ్బిపోయి సింహాసనాన్ని దంపుడు గదికి మోయించాడు. సభంతా అందులోనే ఇరుక్కుంది. పానకాలయ్య తడి కండువా ముక్కుకు చుట్టుకుని తలుపు మూశాడు.

"ఏం పని చేసేదానివో చూపించమ్మా."

నూకాలు కొంగు ముక్కుకు కట్టుకుని, రోట్లో ఎండుమిరపకాయలు పోసి రోకలి ఎత్తింది. మొదటి పోటుకు రాజుగారి ముక్కు ఎర్రబడింది. రెండో పోటుకు కళ్ళు. మూడో పోటుకు తుమ్ము.

"చిరంజీవ" అంది సభ.

మళ్ళీ తుమ్ము, మళ్ళీ చిరంజీవ. పదకొండో తుమ్ముకు చిరంజీవ అనాల్సినవాళ్ళే తుమ్ముతున్నారు. కిరీటం దొర్లి మిరపకాయల బుట్టలో పడింది. రాజు పంచె ఎగగట్టి పెరట్లోకి పరుగు తీశాడు.

పానకాలయ్య సభతో పాటు వెనకే వెళ్ళి లేఖకుణ్ణి పిలిచాడు. "రాసుకో నాయనా. ప్రభువులు తమంతట తామే సింహాసనం వదిలేశారు. రేపటి నుంచి వారికి కోటలో గింజ కూడా లేదు."

"నేనెక్కడ వదిలానయ్యా?"

"ఎవరైనా పొమ్మన్నారా ప్రభూ?"

"లేదు."

"ఆ కాళ్ళెవరివి?"

"కాళ్ళు నావే. తరిమింది ఆ ఘాటు. అందులో మనిషన్నవాడు ఉంటాడా? అసలా కిటికీలు మూయించిన మూర్ఖుడెవడు?"

ఎవరో తుమ్మారు.

రాజు అందరి ముఖాలూ చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. తీర్పు చెప్పబోతే తుమ్ము వచ్చింది, ఈసారి తనదే. అయినా ఆగలేదు.

"నూకాలుకు బియ్యం కొలవండి. మేకులు పీకండి. నడిచిన కాళ్ళనే కాదు, తరిమినదాన్నీ చూడాలని శాసనంలో చేర్చండి."

పానకాలయ్యకు తన జరీ శాలువా కప్పాడు. దాని నిండా కారమే. ఆ రోజంతా పానకాలయ్య తుమ్ముతూనే ఉన్నాడు.

ఊరికే విసుగు పుట్టి మానేసినవాడికి ఆ రాజ్యంలో తర్వాత కూడా బియ్యం ఇవ్వలేదు. అది దాచడం న్యాయం కాదు. రేపు మీ పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు ఆ మాటా చెప్పండి. నూకాలు మూడుసార్లు అడిగిందన్నదీ వదలకండి. తుమ్ములు మాత్రం మీ ఇష్టం. పదకొండుకు తగ్గకుండా చూడండి, చాలు.