తిరిగి రాని రోగులు

శిష్యులు ఏదైనా అడిగితే డాక్టర్ పానకాలరావు గారు వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. చీరాలలో ముప్పయ్యేళ్లుగా వైద్యం చేస్తున్న ఆయన దగ్గర, డాక్టరు చదువు ముగించుకుని అనుభవం కోసం చేరింది హైమవతి. ఒక ఉదయం ఆమె అడిగింది. నొప్పి మాత్రలతో మూత్రపిండాలు పాడవుతాయని నెలనెలా వచ్చే మందుల పత్రిక హెచ్చరిస్తూనే ఉంది. చదువుతున్నాం, నిజమేనంటున్నాం, మళ్లీ అవే రాస్తున్నాం. ఎందుకని?

ఆయన ఆమె రాసిన మందుల చీటీల నకళ్లు తిరగేసి, ఒక పేరు కాగితం మీద రాసిచ్చారు.

"ఈవిడ మళ్లీ రాలేదు. ఎలా ఉందో చూసి రా అమ్మా."

కందుల వీరరాఘవమ్మ, నేత పనిచేసే మనిషి, నడుం నొప్పి. ఐదు రోజులకు మాత్రలు రాసినట్టు హైమవతికి గుర్తే. రాలేదంటే తగ్గిపోయి ఉంటుందనుకుంటూనే వెళ్లింది.

వీరరాఘవమ్మ గుంటమగ్గంలో కూర్చుని నేస్తోంది. డాక్టరమ్మ ఇంటికొచ్చిందని ఆమె ముఖం విప్పారింది. ఆ మాత్ర పడితే గాని మగ్గంలో కూర్చోలేకపోతున్నానని, అదే చీటీ చూపించి షాపులో కొనుక్కుంటున్నానని చెప్పింది. రోజుకు మూడు. రెండు నెలలైంది.

"మీ చెయ్యి మంచిది తల్లీ. వీధిలో ఎవరికి నడుం నొప్పన్నా ఆ చీటీయే ఇస్తున్నా."

హైమవతి వంగి, వాచినట్టున్న ఆమె పాదం మీద వేలితో నొక్కి చూసింది. వేలు తీశాక కూడా అక్కడ గుంట అలాగే ఉండిపోయింది.

ఆటోలో ఎక్కించుకుని వచ్చి రక్తపరీక్ష చేయించింది. ఫలితం రావడానికి రెండు గంటలు పట్టింది. మగ్గం మీద సగంలో ఆగిన చీర గురించి వీరరాఘవమ్మ చెబుతూనే ఉంది. పక్కన బెంచీ మీద కూర్చున్న హైమవతి చెవికి ఒక్క మాటా ఎక్కలేదు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయని తేలింది. మాత్రలు ఇప్పుడే ఆపేస్తే కోలుకోవచ్చునని, ఇంకో నెల గడిచి ఉంటే చెప్పలేకపోయేవాణ్ణని పానకాలరావు గారు అన్నారు. పెద్దాసుపత్రికి ఉత్తరం రాసి పంపించారు.

ఆవిడ వెళ్లాక హైమవతి అడిగింది.

"ఈవిడ పరిస్థితి మీకు ముందే తెలుసా సార్?"

ఆయన మిగతా చీటీల నకళ్లు ఆమె ముందుకు జరిపారు.

"లేదమ్మా. రాని వాళ్లలో మొదటి పేరు రాసిచ్చాను, అంతే."