చేత్తో బిగించిన ఫిల్టరు

ధర్మవరం వైపు ఎర్రనేలల్లో, కొండ్రపల్లె అనే ఊళ్లో, ఓబులపతి అనే బత్తాయి రైతు ఉండేవాడు. కష్టపడే మనిషే గానీ, ఎదుటివాడు ఏ పని చేసినా అందులో ఏదో మోసం ఉందని అనుమానించేవాడు. ఎరువు బస్తా కొంటే ఇంటికి తెచ్చి మళ్లీ తూకం వేసేవాడు. బోరు మోటారు బాగుచేసినవాడు వెళ్తూ వెళ్తూ నవ్వితే, ఎందుకు నవ్వాడా అని రెండు రోజులు ఆలోచించేవాడు. భార్య కదిరమ్మ చెప్పి చెప్పి ఊరుకుంది.

ఆ ఏడు ఓబులపతి చెట్ల సాళ్ల మధ్య పట్టే చిన్న ట్రాక్టరు ఒకటి కొన్నాడు. పొద్దుగూకితే దాన్ని తన తువ్వాలుతోనే తుడిచేవాడు. లోకంలో అతను పూర్తిగా నమ్మింది ఆ ట్రాక్టరు ఒక్కదాన్నే.

మీటరు మీద యాభై గంటలు పడేసరికి షోరూము నుంచి ఫోను వచ్చింది. మొదటి సర్వీసు చేయాలనీ, ఇంజను ఆయిలు, ఫిల్టర్లు మార్చడానికి దస్తగిరి అనే మెకానిక్కు వస్తాడనీ చెప్పారు.

ఓబులపతి ఫోను పెట్టేసి కదిరమ్మ వైపు తిరిగాడు.

"విన్నావా? యాభై గంటలకే నూనె పాడైపోతుందంట! కొత్త బండిలో ఉన్న మంచి నూనె పట్టుకుపోయి, ఏదో పాతది పోసి పోతారు."

"బండి చేసినోళ్లకు తెలియదా ఎప్పుడు మార్చాలో?" అంది కదిరమ్మ.

"తెలుసు. వాళ్లకు అన్నీ తెలుసు. అందుకే నా భయం."

మర్నాడు ఉదయమే దస్తగిరి మోటారు సైకిలు మీద పనిముట్ల పెట్టె కట్టుకుని వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. సన్నటి మనిషి, నెమ్మదైన మాట.

"అన్నా, ఇంజను అయిదు నిమిషాలు నడుపుదాం. వేడెక్కితే పాత నూనె బాగా దిగుతుంది" అన్నాడు.

"నడపడానికి నేనున్నా. నువ్వు తాళం ముట్టుకోవద్దు" అన్నాడు ఓబులపతి.

స్టూలు తెచ్చుకుని, మూరెడు దూరంలో కూర్చున్నాడు. కొత్త ఆయిలు డబ్బాల సీళ్లు గోటితో గీకి చూశాడు. ఒక డబ్బాను ఎండకెత్తి పట్టుకున్నాడు.  దస్తగిరి కింద బోల్టు విప్పి, నల్లబడిన నూనెను పళ్లెంలోకి వదిలాడు. రెండు చుక్కలు వేళ్ల మధ్య రాసి చూపించాడు.

"చూడన్నా, సన్నగా మెరుస్తోంది. కొత్త ఇంజనులో ఇనుము ఇనుముతో ఒరుసుకుని పొడి రాలుతుంది. అది లోపలే ఉంటే ఇంజను అరిగిపోతుంది. అందుకే మొదటిసారి ఇంత తొందరగా మారుస్తాం."

ఓబులపతి నూనె వైపు చూడలేదు, ఆ వేళ్ల వైపు చూశాడు.

"ఆ మెరుపు నీ వేళ్లకు ముందే ఉందేమో!"

దస్తగిరి నవ్వేశాడు. ఆ నవ్వుతో ఓబులపతికి అనుమానం ఇంకా బలపడింది.

దస్తగిరి పాత ఆయిలు ఫిల్టరు విప్పేసి, కొత్తది తీసి, దాని రబ్బరు రింగుకు కాస్త నూనె రాసి, చేత్తోనే తిప్పి బిగించాడు. రింగు తగిలాక ఇంకో ముప్పావు చుట్టు తిప్పి చెయ్యి తీసేశాడు.

"అంతేనా? పానా వెయ్యవా?" అన్నాడు ఓబులపతి.

"వద్దన్నా. ఇది చేత్తో బిగించేదే. పానా వేస్తే రింగు నలుగుతుంది."

తర్వాత అతను హైడ్రాలిక్ ఫిల్టరు మార్చాడు. గాలి ఫిల్టరు దులిపాడు. ఫ్యాను బెల్టు సరిచేశాడు. కొత్త నూనె పోసి, ఇంజను నడిపించి, నేల మీద పడుకుని ఎక్కడా చుక్క కారడం లేదని చూశాడు. ఓబులపతి సర్వీసు కాగితం మూడుసార్లు చదివి సంతకం పెట్టాడు. కదిరమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి దస్తగిరి వెళ్లిపోయాడు.

అతను వెళ్లాడు గానీ అనుమానం వెళ్లలేదు. 'చేత్తో బిగిస్తే ఆగుతుందా? బద్ధకం కాకపోతే ఏమిటి? అసలు ఆ ఫిల్టరు కొత్తదేనా? పాతదానికే రంగు వేసి తెచ్చాడేమో!'

మధ్యాహ్నం కదిరమ్మ తోటలోకి వెళ్లగానే, ఓబులపతి మోటారు కొట్టంలోంచి బోరు పైపులు విప్పే పెద్ద పానా తెచ్చాడు. ఫిల్టరు విప్పాడు. మోచేతి దాకా నూనె కారింది. లోపలికి తొంగి చూశాడు. తెల్లటి కాగితం మడతలు, మచ్చ లేకుండా ఉన్నాయి. అది కొత్తదే.

అక్కడితో అతని మనసు కుదుటపడాల్సింది. పడలేదు. ఫిల్టరును మళ్లీ పెట్టి, పానాతో ఒంటి బలమంతా వేసి బిగించాడు. రేకు కిర్రుమంది. "ఇప్పుడు కారమను, చూద్దాం" అనుకున్నాడు. ఈ సంగతి కదిరమ్మకు కూడా చెప్పలేదు.

నాలుగో రోజు కాయల తొక్క మీద మంగు, అంటే నల్లి పురుగు తెచ్చే మచ్చ, కనిపించింది. మందు కొట్టడం ఆలస్యమైతే కాయంతా నల్లబడుతుంది. ఓబులపతి మందు ట్యాంకు తగిలించి తోటలోకి దిగాడు. రెండు సాళ్లు తిరిగేసరికి స్టీరింగు ముందు, నూనె తగ్గిందని చెప్పే ఎర్ర దీపం వెలిగింది.

'ఆ దస్తగిరి ఏ వైరు కదిలించి పోయాడో! మళ్లీ పిలిపించుకోవాలని ఎత్తు' అనుకున్నాడు. బండి ఆపలేదు, దిగి చూడలేదు. మూడో సాలు చివరికి వచ్చేసరికి ఇంజనులో సమ్మెట కొట్టినట్టు చప్పుడైంది. ట్రాక్టరు అక్కడికక్కడే ఆగిపోయింది. దిగి వెనక్కి చూస్తే, వచ్చిన దారి పొడుగునా ఎర్రమట్టి మీద నల్లటి నూనె చార ఉంది.

ఓబులపతి షోరూముకు ఫోను చేసి కేకలు వేశాడు. "మీ మెకానిక్కు నా ఇంజను నాశనం చేశాడు!" అబద్ధమాడుతున్నానని అతను అనుకోలేదు. తాను ఇంకా గట్టిగా బిగించాడే గానీ వదులుగా వదిలెయ్యలేదు కదా!

ట్రాక్టరును లాక్కెళ్లారు. మర్నాడు ఓబులపతి వెళ్లేసరికి, షోరూము మేనేజరు నరహరి ఫిల్టరు విప్పించి బల్ల మీద పెట్టాడు. రబ్బరు రింగు రెండు చోట్ల చీలిపోయి ఉంది. రేకు మీద పానా పళ్లు దిగిన గుంటలున్నాయి.

"అతిగా బిగించడం వల్ల రింగు చీలింది. నూనంతా కారిపోయి ఇంజను పట్టేసింది" అని, నరహరి పక్కనే నిలబడ్డ దస్తగిరి వైపు తిరిగాడు. "ఏమిటి ఈ పని?"

"నేను చేత్తోనే బిగించినాను సార్. అంత పెద్ద పానా నా పెట్టెలోనే లేదు."

"నువ్వు చెప్తే నమ్మాలా? మీ సంగతి నాకు తెలియదా? పని చెడగొట్టడం, తర్వాత కథలు చెప్పడం. రేపటి నుంచి రావద్దు." తర్వాత ఓబులపతితో మెత్తగా అన్నాడు, "పెద్దాయనా, తప్పు మావాడిది. ఇంజను మేమే బాగుచేసి ఇస్తాం. మీకు ఖర్చేమీ ఉండదు."

 'నువ్వు చెప్తే నమ్మాలా?' ఎంతమందిని తాను అడిగిన మాట అది! తల ఊపితే చాలు, అంతా అయిపోతుంది. అతను దస్తగిరి వైపు చూశాడు. దస్తగిరి ఎవరినీ చూడడం లేదు. తన రెండు అరచేతులనూ చూసుకుంటున్నాడు, నిజంగా తానే చేశాడేమోనని తన చేతుల మీద తనకే అనుమానం వచ్చినట్టుగా.

అది చూసి ఓబులపతి తట్టుకోలేకపోయాడు.

"ఆపండి సారూ. ఆ పళ్లు నా పానావి. ఇతను కొత్తది వేశాడో లేదోనని నేనే విప్పి చూసినా. నేనే బిగించినా. ఎర్ర దీపం వెలిగినా బండి ఆపలేదు."

నరహరి అతన్ని తేరిపార చూశాడు. "అయితే ఇది వారంటీ కిందికి రాదు. తెలుసా?"

"తెలుసు. ఇతని పని తీసెయ్యొద్దు."

ఇంజను బాగుపడడానికి పన్నెండు రోజులు పట్టింది. ఈలోగా మందు పడక మంగు ముదిరింది. సగం తోట కాయ నల్లబడిపోయింది. వ్యాపారులు చూసి వెనక్కి తిరిగారు. కదిరమ్మ ఆ నల్లకాయలు ఏరి గట్టు మీద కుప్ప పోస్తుంటే, అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

ట్రాక్టరు తెచ్చుకునే రోజు, షోరూములో ఎప్పటిలాగే పని చేసుకుంటున్న దస్తగిరిని ఓబులపతి పక్కకు పిలిచాడు.

"అప్పా, పానాతో బిగించింది నేనేనని ఆ పొద్దే నీకు తెలిసుంటుంది. నీ ఉద్యోగం పోతున్నా నా పేరు ఎందుకు చెప్పలేదు?"

దస్తగిరి చేతులు తుడుచుకుంటూ అన్నాడు, "అనుకున్నానన్నా. కానీ నేను కళ్లారా చూడలేదు కదా. చూడనిది నీ మీద ఎట్లా చెప్తాను?"



సందేహం వస్తే అడిగి తెలుసుకోవాలి. అంతేగానీ, కళ్లతో చూడని తప్పును ఎదుటివాడికి అంటగట్టకూడదు. అలా అంటగట్టినవాడు మంచి పనిని చేజేతులా చెడగొట్టుకోవడమే కాక, ఏ పాపమూ ఎరగనివాడి బతుకును కూడా ప్రమాదంలోకి నెడతాడు.