ఈరమ్మ కొట్టంలో ట్రాక్టరు

ఖాదర్‌వలీ మేస్త్రిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పడు. చేతికి పానా ఇచ్చి బండెక్కమంటాడు. ఆయన దగ్గర ఐదేళ్లుగా ట్రాక్టర్ల పని నేర్చుకుంటున్న ఓబులేసు, ఇద్దరు బిడ్డల తండ్రి, ఒకనాడు ఉండబట్టలేక అడిగాడు: "పని అయిపోయిందని ఎట్లా తెలుస్తాది మేస్త్రీ?"

మేస్త్రి అతన్ని ఈరమ్మ కొట్టానికి తీసుకుపోయాడు. ఆమె మొగుడు లింగన్న పోయి మూడు నెలలు. అతని పాత ట్రాక్టరు మిట్టమధ్యాహ్నం, తాళంచెవి ఈరమ్మ కొంగుముడిలో ఉండగానే, దానంతటది గుర్రుమని ఒక్క ఉరుకు ఉరికి ఆగుతోందట. ఊళ్లోవాళ్లు ఆ దోవనే నడవడం మానుకున్నారు. ఓబులేసు కూడా మేస్త్రి వీపు వెనక నక్కి నడిచాడు.

మేస్త్రి ముందు బ్యాటరీ ఎర్తు వైరు విప్పి, తర్వాత తాళం వెనక చెయ్యి పెట్టాడు. తాళం చెడిపోయినప్పుడు లింగన్న రెండు వైర్లు బయటికి లాగి, కొసలు తాకించి స్టార్టు చేసుకునేవాడు. పని కాగానే టేపు చుట్టేవాడు. ఇప్పుడు ఎండ ముదిరేసరికి టేపు జిగురు కరిగి కొసలు ఒకదానికొకటి తగులుతున్నాయి. బండి గేరులోనే ఉండిపోవడంతో ముందుకు ఉరుకుతోంది, ఆ కుదుపుకు కొసలు విడిపోయి ఆగుతోంది. హమ్మయ్య, దయ్యమూ లేదు గియ్యమూ లేదు అనుకుని ఓబులేసు ఆ సంగతే ఆమెకు విడమరిచి చెప్పాడు.

ఈరమ్మ అంతా విని, "ఆయప్ప చేత్తో చుట్టిండే వైర్లే కదా నాయనా," అంది. "అయితే పిలుస్తాండేది ఆయప్పే."

ఆమె రోజూ కూర్చుని సంగటి తినే పీట ట్రాక్టరు మూతికి బారెడు దూరంలో, గోడవారగా ఉంది. మేస్త్రి దాన్ని చూశాడు. కొత్త వైర్లు వేసి, గేరు న్యూట్రలుకు తెచ్చి, చక్రాల ముందు రెండు రాళ్లు పెట్టి వచ్చేశాడు.

మరునాడు మధ్యాహ్నం మళ్లీ వెళ్లారు. ట్రాక్టరు చప్పుడు లేదు. ఈరమ్మ అదే పీట మీద, గిన్నె ఒళ్లో పెట్టుకుని, ట్రాక్టరు మూతికేసి చూస్తూ కూర్చుని ఉంది. చక్రాల ముందు రాళ్లు లేవు. ఓబులేసు పైకెక్కి చూస్తే బండి గేరులో ఉంది. గేరు రాడ్డుకు తడి ఆరని సంగటి అంటుకుని ఉంది. నిన్న దయ్యమనుకున్నప్పుడు కూడా అతనికి ఇంత భయం వెయ్యలేదు.

మేస్త్రి గేరు మళ్లీ న్యూట్రలుకు తెచ్చి, రాళ్లు వెతికి పెట్టి, ఆమెకు ఎదురుగా, ట్రాక్టరుకు వీపు ఆనించి చతికిలబడ్డాడు. ఆకలవుతోందక్కా, నాకూ ఒక ముద్ద పెట్టమన్నాడు. చాలాసేపటికి ఆమె గిన్నె ఆయన వైపు జరిపింది.

తిరిగొస్తూ ఓబులేసు, వైర్లలో లోపమేమీ లేదు గదా, ఇంక మన పని అయిపోయినట్టేనా అని అడిగాడు.

"వైర్ల పని నిన్ననే అయిపాయ," అన్నాడు మేస్త్రి. "రేపు మధ్యాన్నం నువ్వు పో. ఇంట్లో తినకుండా పో."