మంచె దిగిన గంపన్న

కొల్లేట్లో, పడవలు పెద్దగా తిరగని ఒక మూల, నీళ్ళలో నిలబడ్డ తుమ్మచెట్ల మీద గూడబాతులు కాపురముండేవి. ముక్కు కింద ఇంత సంచి వేలాడేసుకుని నీళ్ళ మీద తాపీగా తేలే ఆ పెద్ద పక్షులేనండీ. వాళ్ళది ఒంటరి వేట కాదు. పొద్దున్నే అందరూ అర్ధచంద్రంలా వరస కట్టి, రెక్కలతో నీళ్ళు టపటపా బాదుతూ, చేపల్ని లోతు లేని చోటికి తోలుకెళ్ళేవారు. చేపలన్నీ అక్కడ ఇరుక్కోగానే వరసపెద్ద "ముంచు!" అని కేకేసేవాడు. అందరి ముక్కులూ ఒక్కసారే మునిగేవి. ఒక్కడు తొందరపడినా, ఒక్కడు కునుకు తీసినా, ఆ పూటకి అందరి సంచులూ ఖాళీయే.

ముసలి పెద్దకి రెక్కలు సాగక పెద్దరికం వదిలేస్తే, ఆ ఏడు గంపన్నని పెద్దని చేశారు. ఎందుకంటారా? అతని సంచి అందరి సంచులకన్నా పెద్దది. నవ్వకండి, ఇంతకన్నా గొప్ప కారణాలతో పెద్దలైనవాళ్ళు మన ఊళ్ళల్లో మాత్రం ఎంతమందున్నారు!

గంపన్న చెడ్డవాడేం కాదు. భార్య మంగాయమ్మన్నా, గూట్లో ఇంకా రెక్కలు రాని పిల్లలన్నా ప్రాణం. కాకపోతే ఎవరైనా పొగిడితే మాత్రం అతని మెడ దానంతటదే సాగేది. ఆ సంగతి అందరికన్నా ముందు కనిపెట్టినవాడు కాటుకబ్బాయి. వాడొక నీటికాకి. నల్లగా నిగనిగలాడుతూ, రెక్కలారబెట్టుకునే నెపంతో ఏదో ఒక కర్ర మీద కూచుని, ఎవరి కాపురం ఎలా ఉందో చూస్తూ ఉండేవాడు.

"ఆయ్, గంపన్నగారండీ! ఇంత పెద్దవారై ఉండి, తమరు కూడా అందరితో పాటు నీళ్ళు బాదడమేవిటండీ? చూడ్డానికే బాలేదు!" అన్నాడు ఒకరోజు.

"బాదకపోతే చేపలెలా కదుల్తాయయ్యా?"

"బాదడానికి వాళ్ళు లేరూ? కిక్కిస గడ్డి పొదల పక్కన జాలర్లు వదిలేసిన వెదురు మంచె ఉంది చూడండి. దాని మీద దర్జాగా కూచుని హుకుం ఇవ్వండి. పైనుంచి సరస్సంతా కనపడుతుంది. చేపల ఆచూకీ నేను తెచ్చిస్తాను. ఆ కిక్కిస వైపే తోలించండి. అక్కడ పొదలు గోడ కట్టినట్టుంటాయి, చేప ఎటు పోగలదు?"

గంపన్నకి ఆ మాటలు కడుపు నింపేశాయి. మర్నాడే మంచెక్కాడు.

పైనుంచి చూస్తుంటే నిజంగానే రాజుగారిలా అనిపించింది. కింద తనవాళ్ళంతా రెక్కలు బాదుతుంటే "ఎడమ పక్క జరగండి! ఏయ్, ఆ మూల బద్ధకమేవిటి?" అని ఒకటే కేకలు. తీరా "ముంచు!" అన్నాక ముక్కులెత్తి చూస్తే, అందరికీ కలిపి నాలుగు జెల్ల చేపపిల్లలు.

వరస చివర, కిక్కిసని ఆనుకుని ఉండే కోటమ్మత్త ఈదుకుంటూ మంచె కిందికొచ్చింది.

"నాయనా గంపన్నా, చేపలు నా కాళ్ళ సందుల్లోంచి పొదల్లోకి దూరిపోతున్నాయి. అక్కడేదో దారి ఉంది, ఒక్కసారి దిగి చూడు."

"దారీ లేదు, గీరీ లేదత్తా. పైనుంచి నేను చూస్తున్నానుగా! వయసు మీదపడి కాళ్ళు తిమ్మిరెక్కితే చేపలనుకుంటున్నావు."

"భలే చెప్పారండీ!" అన్నాడు పక్క కర్ర మీదున్న కాటుకబ్బాయి.

తర్వాత పెద్దిరాజు వచ్చాడు. వరసకి గంపన్నకి బావమరిది, కాస్త దుడుకువాడు. "బావా, చేపలు రొమ్ముకి కొట్టుకుంటున్నా నీ కేక రాలేదు. అంత పైనున్నవాడికి ఎప్పుడు ముంచాలో ఎలా తెలుస్తుంది? నీళ్ళలో ఉన్నవాళ్ళకే కదా తెలిసేది!"

"ఇక్కడ పెద్ద నువ్వా, నేనా?"

పెద్దిరాజు ముక్కు రొమ్ముకి ఆనించుకుని వెళ్ళిపోయాడు.

వేట రోజురోజుకీ పాడైపోతోంది. గంపన్న తప్పెక్కడుందో వెతికాడు. తనలో తప్ప అన్నిచోట్లా వెతికాడు. చివరికి కోటమ్మత్త మీద పడ్డాడు. "చేపలు ఆ చివరనుంచే పోతున్నాయని నీ నోటితో నువ్వే చెప్పావుగా? అయితే కాపలా కాయలేనిది నువ్వే. రేపట్నుంచి వరసలోకి రాకు. గూళ్ళ దగ్గర కూచుని పిల్లల్ని చూసుకో" అన్నాడు, అందరూ వింటుండగా.

కోటమ్మత్త మొహం పక్కకి తిప్పుకుని, మెల్లగా ఈదుకుంటూ చెట్లవైపు వెళ్ళిపోయింది. చూస్తున్నవాళ్ళకి గుండె కలుక్కుమంది. కాటుకబ్బాయి మాత్రం హాయిగా రెక్కలు విప్పుకుని ఎండకి పెట్టుకున్నాడు.

మర్నాడు ఆ చివర ఎవరూ లేరు. సంచుల్లోకి నీళ్ళు తప్ప ఏమీ రాలేదు.

సాయంత్రం గంపన్న గూటికొచ్చేసరికి మంగాయమ్మ కళ్ళెర్రజేసి కూచుంది. "పొద్దున్నుంచి పిల్లలు నా సంచిలో తలలు దూర్చి వెతుకుతున్నారు. ఏం పెట్టమంటారు? మీ హుకుం పెట్టనా?"

ఇంతలో పెద్దిరాజు వచ్చి పక్క కొమ్మ మీద వాలాడు.

"రేపు కూడా ఇంతే అయితే మావాళ్ళం వేరే చెరువు చూసుకుంటాం బావా. కోపంతో కాదు, ఆకలితో చెబుతున్నా."

సగంమంది వెళ్ళిపోతే వరస చాలదు. వరస చాలకపోతే చేప నిలవదు. ఎగరలేని పిల్లల్ని ఎక్కడికీ తీసుకుపోలేరు. గంపన్నకి అన్నీ తెలుసు. కానీ మంచె దిగడమంటే తల కొట్టేసినట్టుంది. ఇంకాస్త గట్టిగా అరిస్తే పని జరుగుతుందేమోనని ఆశపడ్డాడు.

తెల్లారి నిజంగానే గట్టిగా అరిచాడు. అరుపుతోపాటు ఒక గెంతు కూడా గెంతాడు. అంతే, ఆ ముసలి మంచె ఫెళ్ళున విరిగింది. మన పెద్దాయన కాళ్ళు పైకీ తల కిందికీ అయి, కిక్కిస మొదట్లో బురదలో దబ్బున పడ్డాడు.

ముందు మంగాయమ్మ కిసుక్కుమంది. ఆ తర్వాత నవ్వు ఆపుకోవడం ఎవరి చేతిలోనూ లేదు.

గంపన్న లేవబోయి ఆగిపోయాడు. కాళ్ళ పక్కనుంచి చేపలు! జరజరా, ఒకదాని వెనక ఒకటి, పొదల కిందికి దూరిపోతున్నాయి. కిక్కిస పక్కకి తోసి తొంగిచూశాడు. లోపల సన్నటి నీటిపాయ. దాని నిండా కాటుకబ్బాయి చుట్టాలు, మెడలు ఉబ్బేలా మింగుతున్నారు. మధ్యలో కాటుకబ్బాయి.

"తినండ్రా తినండి. ఆ సంచిగాణ్ణి పైన కూచోబెట్టినంత కాలం మనకి రోజూ పెళ్ళి భోజనమే!" అంటున్నాడు.

గంపన్నకి ఒళ్ళు మండిపోయింది. కానీ ఆ వెంటనే కోటమ్మత్త మొహం గుర్తొచ్చి, కోపమంతా సిగ్గుగా మారిపోయింది. కిక్కుమనకుండా వెనక్కి జరిగి, తిన్నగా ఆమె దగ్గరికెళ్ళాడు.

"అత్తా, తప్పు నాది. నీ మాట వినుంటే పిల్లలు పస్తుండేవాళ్ళు కాదు. వినకపోగా నలుగురిలో నీ పరువు తీశాను. నన్ను క్షమించు."

కోటమ్మత్త అతన్ని ఎగాదిగా చూసింది. "క్షమించే సంగతి తర్వాత. ముందు ఆ బురద కడుక్కో, కంపు కొడుతున్నావు. కడుక్కుని అందర్నీ పిలు. నేను చెబితే నా చివర సంగతే చెబుతాను. సరస్సంతా నాకేం తెలుసు?"

అందరూ చేరారు. చేపలు ఎవరి పాలవుతున్నాయో గంపన్న చెప్పగానే గోల లేచింది. అది సద్దుమణిగాక అతనన్నాడు: "ఇప్పుడేం చెయ్యాలో మీరు చెప్పండి. నేను వింటాను."

అంత నోరున్నవాడు నోరు మూసుకుని కూచోవడం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి. ప్రతి మూడో మాటకీ "అది కాదు..." అనబోవడం, మంగాయమ్మ చూపు చూసి మింగేయడం. కేక సంగతి పెద్దిరాజు మళ్ళీ చెప్పాడు. చేపలు ఎవరి కాళ్ళకి ముందు తగిలితే వాళ్ళు అరవాలని, అప్పుడే గంపన్న "ముంచు" అనాలని అందరూ ఒప్పుకున్నారు.

"పొద్దెక్కేసరికి చేపలు వెచ్చదనానికి అవతలి ఇసక మేట వైపు వాటంతటవే పోతాయి. అటు తోలితే సగం శ్రమ తప్పుతుంది" అంది మంగాయమ్మ.

"ఈ మాట ముందే చెప్పకూడదూ?" అన్నాడు గంపన్న.

"చెప్పాను. తమరు మంచె మీదున్నారు."

మళ్ళీ నవ్వులు. ఈసారి గంపన్న కూడా నవ్వాడు.

"సరే, అటే తోలుదాం. అత్త మధ్యలో ఉంటుంది. కిక్కిస వైపు చివర నేనుంటాను."

"అక్కడ మోకాళ్ళ లోతు బురద బావా. పైగా సంచిలోకి చేప అందరికన్నా చివర్న పడేది ఆ మూలవాడికే" అన్నాడు పెద్దిరాజు.

"తెలుసు. ఇన్నాళ్ళూ అత్త ఉన్నది అక్కడే కదా."

ఆ సాయంత్రం గంపన్న కాటుకబ్బాయిని వెతుక్కుంటూ వెళ్ళాడు. "అబ్బాయిగారూ, మంచె విరిగింది కానీ మీ సలహా మీద నా నమ్మకం విరగలేదండీ. రేపు తోలుడుకి ఇంటిల్లిపాదీ వస్తున్నాం. మొదలు కిక్కిస దగ్గరే. మీ చుట్టాలందరికీ కబురు పెట్టండి, చూసి సంతోషిస్తారు."

కాటుకబ్బాయి కళ్ళు మెరిశాయి. పక్క మడుగుల్లో ఉన్న వేలువిడిచిన మేనమామలతో సహా అందర్నీ పిలిచాడు. తెల్లారేసరికి ఆ సన్నటి పాయ నిండా నీటికాకులే. ఒకరి రెక్క ఒకరి కంట్లో గుచ్చుకుంటున్నా, కదలకుండా నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు.

గూడబాతులు కిక్కిస దగ్గరే వరస కట్టారు. కాకపోతే పొదలకి వీపు పెట్టి కట్టారు! టపటపా బాదుతూ ఇసక మేట వైపు సాగారు. బురదలో గంపన్న ఒక్కో అడుగూ పెరుక్కుంటూ, మూలనుంచి తప్పించుకోబోయిన చేపనల్లా రెక్కతో అదిలిస్తూ నడిచాడు. అరవాలని నోరు పీకుతున్నా ఆగాడు.

"తగుల్తున్నాయి బావా!" పెద్దిరాజు కేక.

"ముంచు!"

ముక్కులు లేచేసరికి సంచులన్నీ బరువుతో ఊగుతున్నాయి. పిల్లలు తల్లుల సంచుల్లో మెడదాకా దూరి ఒక పట్టాన బయటికి రాలేదు. గంపన్న సంచిలోకి చివర్న రెండు చిన్న చేదుపరిగె చేపలు పడ్డాయి. వాటినీ గూట్లో పిల్లలకే పెట్టేశాడు. అతనికేమీ మిగల్లేదని చూసి కోటమ్మత్త ఒక కొర్రమీను తెచ్చి అతని ముందు పడేసింది.

"తిను పెద్దా. రేపు కూడా నువ్వే బురదలో నడవాలి" అంది. ఆమె అతన్ని పెద్దా అని పిలవడం అదే మొదలు.

అప్పుడొచ్చాడు కాటుకబ్బాయి, ఈకలన్నీ రేగిపోయి. "ఏవండీ, ఇదేం న్యాయమండీ? కిక్కిస దగ్గరన్నారు కదండీ!"

"అన్నానండీ. అక్కడే మొదలెట్టాం. మీరు చూళ్ళేదా?"

కాటుకబ్బాయి వెనకనుంచి మేనమామల మాటలు గట్టిగా వినపడ్డాయి. "భోజనానికని పిలిచి బురదలో నిలబెడతావురా?" అంటూ అందరూ ముక్కులు చాచి తరుముకొస్తుంటే, వాడు సరస్సు అవతలి ఒడ్డుదాకా ఆగకుండా ఎగిరిపోయాడు.

పదిమందికి పెద్ద కావాలనుకున్నవాడు ముందు ఆ పదిమందితో పాటు నీళ్ళలోకి దిగాలి, దిగాక వాళ్ళు చెప్పేది వినాలి.