బట్టమేక అత్త, కృష్ణజింక అల్లుడు

విను బంగారూ, అనగనగా మెట్టపొలాల నడుమ ఒక ఊరు. ఊరి పక్కన నడుమెత్తు గడ్డిబీడు. అందులో ఒక కృష్ణజింక, ఒక బట్టమేక పిట్ట ఉండేవి. జింకకు మెలితిరిగిన కొమ్ములు, నిగనిగలాడే నల్లని వీపు. పిట్టకు పొడవాటి మెడ, గంభీరమైన నడక. రెండు జాతులూ అప్పటికే పలుచబడిపోయాయి.

"ఏం అత్తా, ఏడాదికి ఒక్కటే గుడ్డు. అదీ గూడైనా లేని కటికనేల మీద. నీ వంశం నిలిచినట్టే" అని జింక ఎకసెక్కమాడేది.

"చప్పుడైతే నువ్వు పరుగెడతావు, అల్లుడా. నేను నేలలో కలిసిపోతాను. అదే నా విద్య" అనేది పిట్ట.

ఒక ఏడు ఆ జింక తన మందతో కలిసి ఓబులేసు అనే రైతు జొన్నచేను మేసింది. ఆ తర్వాత కందిచేను మేసింది. ఆ తర్వాత వేరుసెనగనూ వదలలేదు.

"పిల్లలకు ముద్ద ఉండాలా, వద్దా? ఆ బీడుకు నిప్పు పెట్టు, మామా" అన్నది అతని భార్య సుంకులమ్మ.

ఆ ఊళ్ళో ఒక ధర్మముండేది. బీడు కాల్చే ముందు మూడు దిక్కుల డప్పు వాయించాలి. నాలుగో దిక్కు ప్రాణులు వెళ్ళే దారి. అలా చేస్తే పాపం అంటదని వారి నమ్మకం.

తూర్పున డప్పు మోగింది, కుందేళ్ళు వెళ్ళాయి. ఆ తర్వాత ఉత్తరాన మోగింది, నక్కలు వెళ్ళాయి. ఆ తర్వాత పడమట మోగింది, జింకలు గాలిలా దూకాయి. పిట్ట మాత్రం గుడ్డు మీద మరింత అణిగి కూర్చున్నది.

జింక వెనుదిరిగి చూసింది. అత్త రాలేదు. చప్పుడు పెరిగేకొద్దీ ఆమె కదలదని అప్పుడు దానికి తెలిసింది. తనను కాపాడిన డప్పే ఆమెకు మృత్యువు.

వెంటనే అది వెనక్కి వచ్చి, పిట్టకు అడ్డంగా ఓబులేసు దివిటీ ఎదుట కొమ్ములు దించి నిలిచింది.

"ఇదేంది, డప్పుకు బెదరదు" అని ఓబులేసు దగ్గరికి నడిచాడు. అడుగు వేయబోయిన చోట పిట్ట కన్ను మెరిసింది. అతడు దివిటీని మట్టిలో గుచ్చి ఆర్పేశాడు.

"సుంకులూ, ఇన్నేళ్ళూ బీడు ఖాళీ అయిందనుకునే కాల్చినాం కదే" అన్నాడు.

సుంకులమ్మ దగ్గరికి వచ్చి, వంగి ఆ పిట్టను చూసింది. "ఇక కాల్చద్దు. చేను చుట్టూ ముళ్ళకంప వేద్దాం. ఈ నల్లదొంగను మాత్రం నా కందిలో అడుగు పెట్టనియ్యను" అన్నది.

ఆ తర్వాత గుడ్డు పగిలి పిల్ల బయటికి వచ్చింది. జింక సంబరంతో చెంగున దూకింది. ఆ చప్పుడుకు పిల్ల నేలకు అణిగి, కనబడకుండా పోయింది.

"అత్తా, అచ్చం నీ పోలికే" అన్నది జింక.

పరుగేమో జింకది, పట్టేమో పిట్టది,
బీడుకు కావలి ఊరందరిది.
కథేమో కంచికి చేరింది,
కన్నేమో ఇంట్లో కునుకు కోరింది.